ఆన్‌లైన్ వేలంలో పాత పొగాకు పైపు చవగ్గా పట్టడం ఎలా?

"అంత మంచి పైపు నీకు అంత తక్కువకి ఎలా దొరికింది?" ఈ ప్రశ్నకి ఎన్నిసార్లు జవాబు రాశానో నాకే లెక్క లేదు. ప్రతిసారీ సగం చెప్పి సగం మర్చిపోతున్నాను. అందుకే ఈసారి మొత్తం ఒకచోట పెడుతున్నాను.

ముందే ఒక మాట. పొగాకు ఒంటికి చెరుపే, పైపులో తాగినా అంతే. నేను కొన్నవాటిలో సగానికి పైగా అల్మారాలో కూర్చున్నవే. తాగేవాళ్లకైనా దాచుకునేవాళ్లకైనా కొనే పద్ధతి మాత్రం ఒకటే: అమ్మేవాడు గమనించనిది మీరు ఫోటోలో గమనించాలి. మిగతా చిట్కాలన్నీ దాని తర్వాతే.

పేర్లు కూడా తేల్చేసుకుందాం. పొగాకు నింపేది గిన్నె. గిన్నెకి అతుక్కుని ఉన్న చెక్క మెడ షాంక్. నోట్లో పెట్టుకునే నల్లటి భాగం స్టెమ్. కంపెనీ ముద్రలు దాదాపు ఎప్పుడూ షాంక్ మీదే ఉంటాయి.

కావలసినవి

- పెద్ద తెర. ఫోన్‌లో షాంక్ ముద్రలు చదవబోతే కళ్లు పోతాయి, పైపూ పోతుంది.
- ధరలు రాసుకోవడానికి ఒక నోటుబుక్కో స్ప్రెడ్‌షీటో.
- ముద్రలు పోల్చుకోవడానికి పైపీడియా, పైప్‌ఫిల్ సైట్లు. రెండూ ఉచితమే.
- పైపు చేతికొచ్చాక పరీక్షించడానికి చిన్న టార్చి, భూతద్దం, ఒక కట్ట పైప్ క్లీనర్లు.

1. రెండు మూడు బ్రాండ్లే పట్టుకోండి

అన్నీ కొనేద్దామని దిగితే గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంటుంది. మొదటి ఆరు నెలలు రెండు మూడు బ్రాండ్ల ముద్రలు మాత్రం కంఠతా పట్టండి. కొత్తవాళ్లకి నేను చెప్పేది పీటర్సన్, జీబీడీ, కోమోయ్స్. ఇవి విరివిగా దొరుకుతాయి, చదవడానికి ఆనవాళ్లు ఉంటాయి, పొరపాటు చేసినా నష్టం ప్రాణం మీదికి రాదు.

పీటర్సన్ ఐర్లండ్‌లోని డబ్లిన్ కంపెనీ. ఆ దేశం పేరు మారినప్పుడల్లా పైపు మీద ముద్రా మారింది. "ఐరిష్ ఫ్రీ స్టేట్" అని ఉంటే సుమారుగా 1922–1937 నాటిది. "ఎయిరె" అని ఉంటే ఆ తర్వాతి పదేళ్లది. "రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్" అని ఉంటే 1949కి ముందుది కాదు. ముద్ర అచ్చులు దేశం పేరు మారిన రోజే మారవు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వదిలేయండి.

జీబీడీ పాత పైపుల్లో స్టెమ్ పక్కన అక్షరాలున్న చిన్న ఇత్తడి బిళ్ల పొదిగి ఉంటుంది. తర్వాతి కాలంలో దాని చోట ఉత్త ముద్రే వచ్చింది. కోమోయ్స్‌లో చూడాల్సింది స్టెమ్ మీది సి అక్షరం. పాతవాటిలో దాన్ని మూడు ముక్కలుగా పొదిగేవారు, దగ్గరగా చూస్తే అతుకు కనిపిస్తుంది. శాసియేనీ బ్రాండు ఫోర్ డాట్ పైపు తగిలితే స్టెమ్ మీద లేత నీలం చుక్కలు నాలుగు, డైమండ్ ఆకారంలో ఉంటాయి.

పేరుమోసిన డన్‌హిల్ బ్రాండు సంగతి అందరూ అడుగుతారు. స్టెమ్ మీద తెల్ల చుక్క కనబడగానే ఎగిరి గంతేయకండి. తెల్ల చుక్క పెట్టిన కంపెనీలు వేరేవీ ఉన్నాయి. డన్‌హిల్ స్టెమ్ తెచ్చి వేరే గిన్నెకి తగిలించినవీ తిరుగుతుంటాయి. షాంక్ ముద్ర చదివేదాకా అది డన్‌హిల్ కాదనే అనుకోండి. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" చివర ఉండే చిన్న అంకె తయారైన ఏడాదికి గుర్తు. అయితే దశాబ్దం తిరిగాక అవే అంకెలు మళ్లీ వస్తాయి. 5 కనబడితే 1955 కావచ్చు, 1965 కావచ్చు. అంకె ఎంత పెద్దది, కింద గీత ఉందా, పేటెంట్ నంబరు ఉందా అన్నవి కలిపి చూస్తేగానీ తేలదు.

2. అమ్ముడైన ధర చూడండి, అడిగే ధర వదిలేయండి

ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఈబేలో "అమ్ముడైనవి" అనే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని నొక్కి చూడండి. మీరు ఎంచుకున్న బ్రాండ్‌లో కనీసం ముప్పై పైపుల ధరలు, స్థితి, తపాలా ఖర్చు రాసుకోండి. శుభ్రం చేసినది ఎంతకి పోయింది, మురికిది ఎంతకి పోయింది అని రెండు వరసలు పెట్టండి. ఆ రెండింటి మధ్య తేడాలోనే మీకు మిగిలేది ఉంటుంది. ఈ పని విసుగు పుట్టిస్తుంది, తెలుసు. ఇది చేయకుండా వేలంలో దిగినవాళ్లెవరూ చవగ్గా కొన్నట్టు నేను చూడలేదు.

3. పక్కదారిన వెతకండి

బ్రాండు పేరు సరిగ్గా రాసి, వెలుతురులో ఎనిమిది ఫోటోలు పెట్టిన పైపుని మీతోపాటు మరో వందమంది చూస్తుంటారు. మీకు కావాల్సింది సరిగ్గా రాయనివి.

తప్పు స్పెల్లింగులతో వెతకండి. డన్‌హిల్‌లో ఒక ఎల్ ఎగిరిపోవడం, పీటర్సన్ చివర ఓ బదులు ఈ రావడం, మీర్షామ్ (కొన్ని పైపులు చెక్కే తెల్ల ఖనిజం)లో సి మాయమవడం రోజూ జరిగేవే. ఎక్కువ పైపులు చేసే కర్ర బ్రయర్‌ని రెండు రకాలుగా రాస్తారు, రెండూ కొట్టండి. ఉత్త "పైపు" అని కొడితే నీళ్ల గొట్టాలూ సైలెన్సర్లూ వరదలా వచ్చిపడతాయి. అక్కర్లేని మాటల ముందు మైనస్ గుర్తు పెట్టి తీసేయండి.

గుత్తగా అమ్మే లాట్లు చూడండి. "తాతగారి పైపులు", "పాత పైపుల పెట్టె" లాంటి శీర్షికలు పెట్టేవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్న వారసులు, లేదా గంపగుత్తగా సామాను కొని అమ్మేవాళ్లు. వాళ్లకి పైపుల గొడవ పట్టదు. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ భాషల్లో కూడా వెతకండి. జర్మన్‌వాళ్లు ఇలాంటి కలగూరగంప లాటుని "కొన్వొలూట్" అంటారు, ఇటాలియన్‌లో బ్రయర్‌ని "రాదికా" అంటారు. అనువాద పరికరంతో అసలు స్పెల్లింగు తెచ్చుకుని అతికించండి చాలు. నచ్చిన వెతుకులాటలన్నీ సేవ్ చేసి, కొత్తవి రాగానే మెయిల్ వచ్చేలా పెట్టుకోండి.

లాటుకి ఒకే సూత్రం: అందులో మీరు గుర్తుపట్టిన ఒక్క పైపుకే ధర కట్టండి. మిగతావి సున్నా. ఎనిమిది పైపులు తలా ఇంత అని కలుపుకుంటూ పోయి చేతులు కాల్చుకునేవాళ్లే ఎక్కువ.

4. ఫోటో చదవండి

అసలు పనంతా ఇక్కడే. ఒక ఉదాహరణ చెప్తాను. అట్టపెట్టెలో తొమ్మిది పైపులు, మూడు ఫోటోలు, మూడూ మసకే. శీర్షికలో బ్రాండు పేరు లేదు. నేను వాటిని తెర నిండా పెంచి స్టెమ్‌ల చివరలు మాత్రం ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. ఎనిమిదింటికి పొగ వచ్చే కన్నం మామూలుగా చివరన ఉంది. ఒకదానికి చివర మెట్టులా తగ్గి, కన్నం పై వైపుకి, అంగిలి వైపుకి తెరుచుకుని ఉంది. అది పీ-లిప్, పీటర్సన్ కంపెనీ 1898లో పేటెంట్ తీసుకున్న మూతి. షాంక్ చివర లోహపు తొడుగు కూడా లీలగా కనిపించింది. ముద్ర ఒక్క అక్షరం చదవలేకపోయినా ఆ ఒక్క పైపు ధర మాత్రం లెక్కేసి పాట పెట్టాను. వచ్చాక చూస్తే రిపబ్లిక్ కాలపు సిస్టమ్ పైపు (షాంక్‌లో తేమ పట్టే గుంత ఉన్న పీటర్సన్ రకం), గట్టిగా ఉంది. మిగతా ఎనిమిదిలో రెండు చెత్తబుట్టకే పోయాయనుకోండి.

ఇక వరసగా ఏం చూడాలంటే:

*స్టెమ్ రంగు.* ఆకుపచ్చగానో మట్టి రంగులోనో మారి ఉంటే భయపడకండి. పాత స్టెమ్‌లు చాలావరకు వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వెలుతురు, గాలి తగిలితే ఆ రంగు వస్తుంది. రుద్దితే పోతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కాబట్టి ధర పడిపోతుంది, కాబట్టే మనకి లాభం. పళ్ల గాట్లు పైపైన ఉన్నా పర్వాలేదు. చిల్లు పడిందా, స్టెమ్ చివరి అంచు కొరికేశారా, అప్పుడు ఖర్చు.

*స్టెమ్, షాంక్ కలిసే చోటు.* సందు ఉన్నా, స్టెమ్ వెడల్పు షాంక్‌కి సరిపోకపోయినా, కంపెనీ గుర్తు లేకపోయినా అది మార్చిన స్టెమ్ అని అనుమానించండి. తాగడానికి ఇబ్బంది లేదు. సేకరించేవాళ్ల దగ్గర విలువ మాత్రం బాగా పడిపోతుంది.

*ముద్ర పదును.* శీర్షికలో "రీస్టోర్ చేసినది" అని ఉండి, పైపు అద్దంలా మెరుస్తూ, షాంక్ మీద అక్షరాలు అరిగి దయ్యాల్లా ఉంటే అది బఫింగ్ చక్రం, అంటే పాలిష్ పట్టే యంత్రం చేసిన పని. గిన్నె అంచు గుండ్రంగా కరిగిపోయినట్టు ఉంటుంది. మసిబూసి మారేడుకాయ అంటే ఇదే. పోయిన ముద్ర మళ్లీ రాదు. నాకైతే ఇలా మెరిసే పైపు కన్నా మట్టికొట్టుకుపోయి అక్షరాలు పదునుగా ఉన్నదే ముద్దు.

*వెండి పట్టీ.* షాంక్ చుట్టూ పట్టీ ఉంటే దాని అంచు చూడండి. ముద్రలో ఒకటి రెండు అక్షరాలు పట్టీ కిందికి పోయి ఉంటే, అది పగులు దాచడానికి తర్వాత వేసిన పట్టీ. ఫ్యాక్టరీ పట్టీ ముద్రని కప్పదు. నిజమైన ఇంగ్లిష్ వెండికి నడుస్తున్న సింహం గుర్తు ఉంటుంది. దాని పక్కన చిరుతపులి తల ఉంటే లండన్, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, ఇంకో అక్షరం ఉంటే అది ఏడాది. డబ్లిన్ వెండికి కిరీటమున్న వీణ, కూర్చున్న స్త్రీ బొమ్మ. పీటర్సన్ నికెల్ పట్టీల మీద షామ్‌రాక్ ఆకు, బురుజు లాంటి బొమ్మలు ఉంటాయి. అవి కంపెనీ గుర్తులే, వెండి ముద్రలు కావు. "నికెల్ సిల్వర్" అని రాసి ఉన్నదాంట్లో వెండి వీసమెత్తు కూడా ఉండదు.

*గిన్నె అంచు, లోపల.* అంచు మీద నల్లగా పేరుకున్న మసి తుడిస్తే పోతుంది. అంచు ఒకవైపు పల్లంగా దిగిపోయి ఉంటే అది కాలిన కర్ర, పోదు. లోపల కేక్ అనే మసి పొర ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర ఉంటే మామూలే. గిన్నె పూడిపోయేంత ఉంటే దాని వెనకాల ఏముందో దేవుడికే తెలియాలి.

*గిన్నె బయట నల్ల మచ్చ.* దీంతో నేను బాగా దెబ్బ తిన్నాను. ఒక అందమైన పైపు ఫోటోలో గిన్నె ముందువైపు, కిందికి, బొటనవేలి గోరంత నల్లటి మచ్చ. నీడ అనుకున్నాను. రెండో ఫోటోలో వెలుతురు వేరే వైపు నుంచి పడుతున్నా ఆ మచ్చ అక్కడే ఉంది. అది చూసి కూడా నీడే అనుకున్నాను, ఎందుకంటే అలా అనుకోవాలని ఉంది. వచ్చాక మసి గీకుతుంటే అక్కడ కర్ర బొగ్గులా పొడిపొడిగా రాలింది. లోపలి నుంచి కాలి బయటిదాకా వచ్చేసింది. అప్పటి నుంచీ ప్రతి మచ్చనీ రెండు ఫోటోల్లో పోల్చి చూస్తాను. వెలుతురు మారినప్పుడు నీడ కదలాలి. కదలకపోతే అది మచ్చే.

మీర్షామ్ పైపుల గురించి రెండు మాటలే. అది తెల్లటి మెత్తని ఖనిజం, పేరుమోసిన గనులు టర్కీలోని ఎస్కిషెహిర్ దగ్గర ఉన్నాయి. తేలిగ్గా ఉండాలి, బరువుగా చల్లగా ఉంటే అనుమానించండి. చెక్కడాల్లో ముక్కు, గడ్డం, వేళ్లు విరిగాయేమో చూడండి. ఏనుగు దంతం ఉన్న పాత పైపుల జోలికి వెళ్లొద్దు. చాలా దేశాల్లో దాని రవాణా మీద నిషేధమో ఆంక్షలో ఉన్నాయి, కస్టమ్స్‌లో ఆగితే పైపూ పోతుంది డబ్బూ పోతుంది.

5. అమ్మేవాణ్ణి అడగండి, కానీ చూసి అడగండి

"షాంక్ మీద ఏం రాసి ఉంది?" అని అడిగితే అమ్మేవాడు భూతద్దం తీస్తాడు, చదువుతాడు, శీర్షిక మార్చేస్తాడు. బేరం అక్కడితో సరి. నేను అడిగేది వేరు: "గిన్నె లోపలికి, కింద నుంచి షాంక్‌కి ఒక్కో ఫోటో పెట్టగలరా? పగుళ్లు లేవు కదా?" రెండో ఫోటోలో ముద్ర దానంతటదే పడుతుంది. పగుళ్లు లేవని రాతపూర్వకంగా చెబితే తర్వాత డబ్బు వెనక్కి అడగడానికి అది పనికొస్తుంది కూడా. ఇది మోసమా అని ఒకరిద్దరు అడిగారు. అబద్ధం చెప్పనంతవరకు కాదనే నా అభిప్రాయం. సూటిగా ఎదురడిగితే మాత్రం నేను నిజమే చెప్తాను.

6. పై హద్దు ముందే రాసుకోండి

ఉదాహరణకి, శుభ్రంగా ఉన్న అలాంటి పైపు 100 డాలర్లకి పోతోందనుకోండి. మనం చూస్తున్నది మురికిది, ఫోటోలో కనబడనిది ఏదైనా ఉండొచ్చు. దానికి పావు వంతు తీసేస్తే 75. తపాలా 15 అయితే 60. వేలం సంస్థ కొనేవాడి మీద 20 శాతం కమిషన్ వేస్తే, 60లో అదీ కలిసి ఉండాలి కాబట్టి 60ని 1.2తో భాగించండి: 50. మీ పాట 50 దాటకూడదు. ఈబేలో కొనేవాడికి ఈ కమిషన్ మామూలుగా ఉండదు. పేరున్న వేలం సంస్థల్లో ఉంటుంది, దాని మీద పన్ను కూడా పడొచ్చు, నిబంధనలు చదవండి. దేశం దాటి వస్తే దిగుమతి సుంకం ఇంకా అదనం.

మసి మందంగా ఉండి గిన్నె లోపల కనబడకపోతే నేను పావు కాదు, సగం తీసేస్తాను.

7. పాట చివర్లో పెట్టండి

ఈబే లాంటి చోట మీ పై హద్దు చెబితే యంత్రమే మెట్టు మెట్టుగా మీ తరఫున పాడుతుంది. ముందే పెడితే ఎదుటివాడికి పంతం వస్తుంది, ధర పెరుగుతుంది. అందుకని చివరి ఎనిమిది, పది సెకన్లలో మీ పూర్తి హద్దు ఒకేసారి పెట్టండి. గుండ్రటి అంకె వద్దు. 45 పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు, 46.37 పెట్టేవాళ్లు తక్కువ. చివరి నిమిషంలో పాట వస్తే గడువు దానంతటదే పొడిగించే సైట్లు కూడా ఉన్నాయి. అక్కడ ఈ ఎత్తు పారదు. హద్దు పెట్టి పక్కకి జరగండి.

ఓడిపోతే ఇంకొక్క రెండు డాలర్లు అని చెయ్యి లాగుతుంది. లాప్‌టాప్ మూసేయండి. ఇలాంటి పైపు మళ్లీ వస్తుంది.

8. చేతికొచ్చాక పరీక్ష

పార్శిల్ విప్పుతున్నప్పుడే వీడియో తీయండి. తర్వాత ఈ వరసలో చూడండి:

- షాంక్ ముద్ర మీద టార్చిని ఏటవాలుగా, పక్క నుంచి వేయండి. నేరుగా వేస్తే కనబడని అక్షరాలు నీడతో లేచి కనిపిస్తాయి.
- స్టెమ్‌ని మెల్లగా తిప్పుతూ లాగండి. రాకపోతే బలం చూపించొద్దు. ఆ స్థితిలో విరిగేది షాంకే. కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే చాలాసార్లు వదులుతుంది. కేవుడీ లాంటి కొన్ని బ్రాండ్లకి మర ఉంటుంది, వాటిని తిప్పి విప్పాలి.
- స్టెమ్ తీశాక షాంక్ నోటి చుట్టూ భూతద్దంతో చూడండి. వెంట్రుకంత పగులు ఉంటే ఇక్కడే ఉంటుంది.
- పైప్ క్లీనర్ దూర్చండి. గిన్నె అడుగుకి తేలిగ్గా రావాలి. మధ్యలో ఆగితే మసి అడ్డుపడి ఉండొచ్చు, కన్నం వంకరగా తొలిచి ఉండొచ్చు.
- గిన్నెలో టార్చి వేసి గోడలు చూడండి. నిలువు గీతలుంటే గోరుతో తడమండి. గోరు పట్టుకుంటే పగులు.
- వాసన చూడండి. లటాకియా లాంటి ఘాటు పొగాకు తాగిన పైపుల్లో చింత చచ్చినా పులుపు చావదు. బ్రయర్ గిన్నెలో దూది కుక్కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా తడిపి ఒక రాత్రి ఉంచితే బాగా తగ్గుతుంది. ఆల్కహాల్ బయటి పాలిష్‌కి తగలనివ్వొద్దు. మీర్షామ్‌కి ఈ పని అసలు చేయొద్దు.

స్టెమ్‌ని వేడినీళ్లలో వేయొద్దు, పచ్చదనం ఇంకా పెరుగుతుంది.

ఇక ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటి మిగిలింది. పైపు రాగానే ఉత్సాహం ఆగక మసి గీకడం మొదలుపెడతారు. ఒకసారి గీకారంటే అది అమ్మేవాడు పంపిన పైపు కాదు, వెనక్కి తీసుకోమని అడిగే హక్కు దాదాపు పోయినట్టే. ముందు పై పరీక్షలన్నీ చేయండి, ఫోటోలు తీయండి, చెప్పిన దానికీ వచ్చిన దానికీ తేడా ఉంటే గడువులోగా రాయండి. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే గీకే కత్తి తీయండి. మసి వెనకాల పగులు అప్పుడు బయటపడితే ఆ నష్టం మీదే. అందుకే ఆరో మెట్టులో సగం తీసేయమన్నది.